సెర్రో రికో: వెండి, వెట్టి, గనిలో దెయ్యం

బొలీవియాలోని పొతోసీ పట్టణాన్ని ఆనుకుని ఉన్న సెర్రో రికో కొండ శిఖరం 2011లో ఒకచోట కుంగిపోయింది. 2014లో యునెస్కో పొతోసీని ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల్లో చేర్చింది. అయినా వేలమంది కార్మికులు, ఎక్కువగా ఆండీస్ కొండల ఆదివాసులైన కెచువా వాళ్లు, ఆ కొండలోకి దిగుతూనే ఉన్నారు.

1545లో దియెగో వాల్పా అనే స్థానికుడికి అక్కడ వెండి కనబడింది. తప్పిపోయిన లామా (బరువులు మోసే, ఒంటె జాతి జంతువు) కోసం వెళ్లి చలిమంట వేసుకుంటే, రాళ్లలోంచి వెండి కరిగి కారిందని జనం చెప్పుకునే కథ. వాల్పా చెప్పినట్టు నమోదైన వాంగ్మూలంలో సంగతి వేరు: కొండ మీది పూజాస్థలం దగ్గర గాలి విసురుకు పడిపోయాడు, చేతికి ఖనిజం తగిలింది. అంటే అది అప్పటికే దేవుడి కొండ. మరో కథలో, స్పెయిన్ వాళ్లు రాకముందు ఆ ప్రాంతాన్ని ఏలిన 'ఇంకా' రాజ్యపు చక్రవర్తి వైనా కపాక్ మనుషులు తవ్వబోతే, "ఇది మీకు కాదు, తర్వాత వచ్చేవాళ్లకి" అని కొండ ఉరిమిందట. ఇది ఎవరికి అనుకూలమైన కథో వేరే చెప్పాలా!

మొదట్లో వెండి కరిగించే పని స్థానికులదే. గాలి తగిలే చోట చిన్న కొలుములు పెట్టేవాళ్లు. మేలురకం ఖనిజం తరిగిపోయాక, 1570లలో స్పెయిన్ రాజు తరఫున పాలించిన వైస్రాయ్ ఫ్రాన్సిస్కో దె తొలేదో, పాదరసంతో ఖనిజం నుంచి వెండిని వేరుచేసే పద్ధతికి ఊతమిచ్చాడు. దాంతోపాటే మీతా వచ్చింది. ఇంకాల కాలంలో మీతా అంటే వంతులవారీ సేవ, పనిచేసినన్నాళ్లూ తిండి రాజ్యమే పెట్టేది. తొలేదో ఆ పేరు ఉంచి దాన్ని వెట్టిగా మార్చాడు. 18 నుంచి 50 ఏళ్ల మగవాళ్లలో ఏడుగురికి ఒకరు, ఏడాదికి సుమారు 13,000 మంది. చేతికొచ్చే కూలి తిండికే చాలేది కాదు. మనుషులు తక్కువైతే ఊరి పెద్ద, అంటే కురాకా, వెండి రూపంలో కట్టుకోవాలి. దాంతో ఊళ్లు వదిలి పారిపోయినవాళ్లకు లెక్కలేదు.

లోపల తోలుతాళ్ల నిచ్చెనలు. బొటనవేలికి కొవ్వొత్తి కట్టుకుని, వీపున దుప్పట్లో ఖనిజం మూటతో ఆ చీకట్లో పైకి ఎక్కాలి.

అక్కడ కొలువైనవాడు ఎల్ తియో, "మామ". కొమ్ములు, తెరిచిన నోరు ఉన్న మట్టి బొమ్మ. మంగళ, శుక్రవారాల్లో నోట్లో సిగరెట్ వెలిగించి పెడతారు, ఒళ్లో కోకా ఆకులు వేసి సారా పోస్తారు. లామాను బలిచ్చి ఆ రక్తాన్ని గని ముఖద్వారానికి పూస్తారు. బయట సిలువకు దండం, లోపల మామకు లంచం. ఇతను పాత కొండదేవుడే వేషం మార్చుకున్నాడని కొందరంటారు. పాత నమ్మకం ఆనవాళ్లు ఉన్నా, ఇతన్ని తయారుచేసింది గని జీవితమేనని నాకనిపిస్తుంది. ఎప్పుడు చంపుతాడో తెలియదు, ముట్టజెప్పకపోతే ఊరుకోడు. ఇలాంటి యజమానిని వాళ్లు రోజూ చూస్తున్నదే కదా.

18వ శతాబ్దంలో కాహ్చాలు అనేవాళ్లు శని, ఆదివారాల్లో గనుల్లోకి దూరి తమకోసం తవ్వుకునేవాళ్లు. యజమానులకు అది దొంగతనం, వాళ్లకు హక్కు. 1777లో తుపాక్ అమారు అనే కురాకా తన జనాన్ని పొతోసీ మీతా నుంచి తప్పించమని లిమాలో అర్జీ పెట్టుకున్నాడు. ఎవరూ వినలేదు. 1780లో తిరగబడ్డాడు, 1781లో కూస్కోలో చంపేశారు. మీతా పూర్తిగా పోయింది 1825లో, బొలీవియా స్వాతంత్ర్యంతోనే.

1985లో, ఈ కొండలో వెండితోపాటు తవ్వే తగరం ధర కుప్పకూలాక ప్రభుత్వ గనులు వేలమందిని ఇంటికి పంపాయి. చాలామంది సహకార సంఘాలు పెట్టుకుని, ఎవరి తవ్వకం వాళ్లదే అన్నట్టు మళ్లీ లోపలికి దిగారు. శిఖరం కుంగుతోంది కాబట్టి పై భాగాలు ఖాళీ చేయమంటే, వేరే పని ఎక్కడుందని వాళ్లు అడుగుతున్నారు.