చిరిగిన పేజీకి టేపు వేసి తేకండి: లైబ్రరీ మర్యాదలపై అపోహలు, వాస్తవాలు

లైబ్రరీలో ఎలా మసలుకోవాలో చెప్పే బొమ్మల పుస్తకం పిల్లలకి చదివి వినిపించాక, చాలామంది తల్లిదండ్రులకి భయమే మిగులుతోంది. శ్రీకాకుళం వైపు శాఖా గ్రంథాలయాల్లో తరచూ వినిపించే మాట: "పేజీ చిరిగిపోనాదండి, టేపెట్టి అతికించేసినాం. ఫైనేస్తారేటి?"

అపోహ: టేపు వేస్తే పుస్తకం బాగుపడినట్టే.

వాస్తవం: చిరుగు కంటే టేపు చేసే చెరుపే ఎక్కువ. మన సముద్రపు ఉక్కకి దాని జిగురు కొన్నేళ్లలో పసుపెక్కి, అంచుల్లోంచి ఊరి పక్క పేజీకి పట్టుకుంటుంది. పైపొర ఊడినా మరక పోదు. నున్నగా మెరిసే ఆర్టు పేపరు మీదైతే టేపు లాగగానే బొమ్మ కూడా లేచొస్తుంది. ఫెవికాల్ గట్టిపడి, దాని పక్కనే మళ్లీ చిరుగుతుంది. దయచేసి చిరిగింది చిరిగినట్టే తెండి, ఊడిన ముక్కలుంటే కవర్లో వేసి. పుస్తకం పోగొడితేనో, చదవడానికి పనికిరాకుండా చేస్తేనో ఖరీదు కట్టాలి గానీ వేలెడు చిరుగుకి కాదు. జరిమానా భయంతో పుస్తకం అటక మీద దాచేస్తే, ఆ పిల్ల మళ్లీ లైబ్రరీ గడప తొక్కదు. అసలు నష్టం అది.

లైబ్రరీలో బాగుచేసే పద్ధతి వేరు. చిరుగు అంచున తెల్లటి నార కనిపిస్తుంది. ఏ అంచు పైకి రావాలో చూసి సర్దకపోతే బొమ్మ మీద తెల్లగీత పడుతుంది. జిగురుకి మైదా ఒక వంతు, నీళ్లు ఐదు వంతులు. ఉండకట్టకుండా సన్నసెగ మీద ఉడికించి, వడకట్టి చల్లార్చాలి. సన్న కుంచెతో నార మీద మాత్రమే పలచగా రాసి, కిందా పైనా బటర్ పేపరు పెట్టి రాత్రంతా బరువు కింద ఉంచాలి. పురుగు పట్టకుండా బైండర్లు ఇందులో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలుపుతారు. పసివాళ్లు నోట్లో పెట్టుకునే పుస్తకాలకి అది విషం, వద్దే వద్దు. అది లేని జిగురు త్వరగా పులుస్తుంది, ఎప్పటికప్పుడు కాచుకోవాలి.

మధ్యలో పిన్నులు కొట్టిన పుస్తకంలో ఒక కాగితం ఊడితే నాలుగు పేజీలు పోతాయి. అది చాలాసార్లు తుప్పు చేసిన పని, దెబ్బలు మాత్రం పిల్లాడికి! పిన్నులు తీసేసి నూలు దారంతో మూడు రంధ్రాల కుట్టు వేయాలి: మధ్య రంధ్రంలోంచి బయటికి, పై రంధ్రంలోంచి లోపలికి, కింది దాంట్లోంచి బయటికి, మళ్లీ మధ్యలోంచి లోపలికి. ముడి లోపలే.

చదివాక తీసిన చోటే పెట్టాలన్న పాఠం ఇంటికి బాగుంటుంది. లైబ్రరీలో బల్ల మీదే వదిలేయండి. వేరే అరలో దూరిన పుస్తకం పోయినట్టే లెక్క. నోరు మెదపకూడదనేదీ అంతే. పిల్లల పుస్తకాల దగ్గర గొంతు తగ్గించి చదివి వినిపించవచ్చు, పరుగులూ అరుపులే వద్దు. పేజీ తిప్పడానికి వేలు తడి చేయనక్కర్లేదు, కుడివైపు పై మూల పట్టుకుంటే చాలు. మామిడి తాండ్ర తిన్న చేతులు కడిగి, బాగా ఆరాకే పుస్తకం ముట్టాలి.

ఇక డబ్బు మాట. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను మీరు కడుతూనే ఉన్నారు. కూర్చుని చదవడానికి ఎవరూ ఏమీ అడగరు. డిపాజిట్టు పుస్తకం ఇంటికి తీసుకెళ్లడానికే.