విరిగిన కుర్చీని మంటలో ఎందుకు వెయ్యనివ్వలేదంటే

చి|| బుజ్జమ్మకు, చిన్నోడికి,

తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. పండగకి వచ్చి మీరు వెళ్ళిపోయాక ఇల్లు బోసిపోయింది. మీరు తినగా మిగిలిన జంతికలు డబ్బాలో అలాగే ఉన్నాయి, అమ్మమ్మ ఎవర్నీ ముట్టుకోనివ్వడం లేదు.

నిన్న ఫోన్లో చిన్నోడు ఒక ప్రశ్న అడిగాడు. "తాతయ్యా, భోగి మంటలో పాత సామాన్లన్నీ వేసెయ్యాలంటారు కదా, మరి పక్కింటివాళ్ళు వెయ్యబోయిన విరిగిన కుర్చీని నువ్వెందుకు అడిగి తెచ్చుకున్నావు?" అని. ఇది ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. బుజ్జమ్మ పైకి చదవాలి, చిన్నోడు వినాలి.

మా చిన్నప్పుడు కోనసీమలో భోగి మంటకి ఏం వేసేవాళ్ళమో చెప్తాను. పిడకల దండలు, ఎండిన కొబ్బరి మట్టలు, చీకిపోయిన తాటాకులు, పుచ్చిపోయిన కర్రలు. తెల్లవారుజామున చలికి వణుకుతూ ఆ మంట చుట్టూ నిలబడేవాళ్ళం. ఆ మంట మీదే నీళ్ళు కాచి తలంట్లు పోసేవాళ్ళు. ముందు రోజు రాత్రి కుర్రాళ్ళు గుంపుగా బయల్దేరి ఎవరి దొడ్లో కట్టె కనిపిస్తే అది ఎత్తుకొచ్చేవాళ్ళు. దానికి ఎవరూ తిట్టేవాళ్ళు కాదు, పండగ పూట అదొక సరదా. అయితే ఊరంతా తిరిగినా వాళ్ళకి ఒక్క కుర్చీ కూడా దొరికేది కాదు. మంచం దొరికేది కాదు. ఎందుకంటే విరిగినా సరే, దానికి ఇంట్లో ఇంకో పని ఉండేది. ఏ పనికీ రానిదే మంటలోకి వెళ్ళేది. మంట ఆరాక బూడిద కూడా ఊరికే పోయేది కాదు. కొంత గిన్నెలు తోమడానికి, కొంత బీరపాదు మొదట్లో చల్లడానికి.

ఇప్పుడు పాత టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు కూడా మంటలో పడేస్తున్నారు. ఆ నల్లటి పొగ పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి. మీ వీధిలో ఎవరైనా అలా వేస్తుంటే దూరంగా జరగండి, "అంకుల్, వద్దండీ" అని మర్యాదగా చెప్పండి.

ఇక కుర్చీ సంగతికి వస్తాను. మా తాత సంగతి చెప్తే మీకు తేలిగ్గా అర్థమవుతుంది. ఆయన వయసులో ఉండగా నాగలి దున్నేవాడు. మోకాళ్ళు పట్టేశాక నాగలి మా నాన్న అందుకున్నాడు. అప్పుడు తాతకి పని లేకుండా పోయిందా? లేదు. కళ్ళంలో కూర్చుని ధాన్యం మీద వాలే పిట్టల్ని తోలేవాడు. అంత దూరం నడవలేనప్పుడు అరుగు మీద కూర్చుని కొబ్బరి పీచుతో తాళ్ళు పేనేవాడు. చేతులు వణకడం మొదలయ్యాక మా చెల్లి ఉయ్యాల తాడు పట్టుకుని ఊపేవాడు. చివరికి చూపు ఆనక మంచం మీద పడుకుని మాకు కథలు చెప్పేవాడు. ఆయనతో ఇంక పనేముంది అని ఇంట్లో ఎవరి నోటా రాలేదు. ఒక పని చెయ్యలేకపోతే ఇంకో పని ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేది.

వస్తువులూ అంతే. మా అమ్మ నేత చీర కొత్తలో పండగలకి కట్టేది. రంగు వెలిశాక అది ఇంట్లో కట్టుకునే చీర అయ్యేది, అంటే నాగలి దిగి కళ్ళంలో కూర్చున్నట్టు. కుచ్చిళ్ళ దగ్గర చిరిగితే ఉయ్యాల అయ్యేది. ఉయ్యాలకి కూడా తట్టుకోలేకపోతే బొంతలోకి వెళ్ళేది. బొంతలో కలపగా మిగిలిన ముక్క వేడి గిన్నె దించే మసిగుడ్డ. మసిగుడ్డ కూడా చీలికలయ్యాక దీపం వత్తి. వత్తి అయి వెలిగేదాకా ఆ చీర మా ఇంట్లో మనిషే.

బొంత కుట్టడం మీరు చూడలేదు కదా. ఎండాకాలం మధ్యాహ్నం నాలుగైదు పాత చీరలు ఒకదాని మీద ఒకటి పరిచేవాళ్ళు. ముడత పడకుండా మూలల్లో నీళ్ళ చెంబులు పెట్టేవాళ్ళు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి నాలుగు పక్కలా కూర్చుని అంచుల నుంచి లోపలికి కుట్టుకుంటూ వచ్చేవాళ్ళు. దారం కూడా కొనేవాళ్ళు కాదు, పాత చీర అంచులోంచి పోగులు లాగి వాటినే పేని సూదికి ఎక్కించేవాళ్ళు. సూదులు అందించడం నా పని. కబుర్లన్నీ వినడం కూడా.

ఆ బొంత కప్పుకుంటే పుష్య మాసపు చలి దగ్గరికి వచ్చేది కాదు. చీర చూస్తే అంత పలచన, మరి వెచ్చదనం ఎక్కడిది? గుడ్డలో వేడి ఏమీ ఉండదు నాన్నా. వేడి మన ఒంట్లోదే. చీరకీ చీరకీ మధ్య గాలి చిక్కుకుంటుంది. కుట్లు దాన్ని కదలనివ్వవు. కదలని గాలి మన వేడిని తొందరగా బయటికి పోనివ్వదు. నాలుగు చీరలున్నచోట మూడు పొరల గాలి ఉంటుంది. ఈసారి వచ్చినప్పుడు పెట్టెలోంచి తీసి చూపిస్తాను. ఎన్నిసార్లు ఉతికితే అంత మెత్తబడుతుంది.

మా ఊరికి కరెంటు రాకముందు నేను బుడ్డి దీపం దగ్గర చదువుకున్నాను. ఆ బుడ్డిలో కొన్న వస్తువు ఏదీ లేదు. సిరా అయిపోయిన సీసా. దాని మూతకి మేకుతో ఒక చిల్లు. డబ్బా రేకు ముక్కని చుట్టి చేసిన సన్నటి గొట్టం ఆ చిల్లులో దూర్చాలి. నాన్న పాత పంచెలోంచి చింపిన గుడ్డ వత్తి. ఇక కిరసనాయిలు పోస్తే సరి. ఆ కిరసనాయిలు వచ్చే పలకల డబ్బా ఖాళీ అయితే దాని కోసం ఇంట్లో పోటీ. అమ్మకి బియ్యానికి కావాలి, నాన్నకి పశువులకి కుడితి పెట్టడానికి కావాలి. ఎక్కువసార్లు అమ్మే గెలిచేది.

ఒక పెద్దాయన సంగతి చెప్పకుండా ఉండలేను. చండీగఢ్ కొత్తగా కడుతున్నప్పుడు అక్కడ నేక్ చంద్ అని రోడ్ల పని చూసుకునే చిన్న ఉద్యోగి ఉండేవాడు. నగరం కోసం కొన్ని పాత ఊళ్ళు కూల్చేశారు. ఆ శిథిలాల్లోంచి పగిలిన పెంకులు, గాజు ముక్కలు, విరిగిన పింగాణీ సామాను ఏరి, సైకిల్ మీద తీసుకెళ్ళి సుఖ్నా చెరువు దగ్గరి అడవిలో దాచుకునేవాడు. 1957లో మొదలుపెట్టి ఉద్యోగం అయ్యాక రాత్రిళ్ళు ఒంటరిగా బొమ్మలు చేశాడు. మనుషులు, జంతువులు, పక్షులు, ఒక రాజ్యమంత. 1975లో అధికారులు చూసేదాకా దాదాపు ఎవరికీ తెలియదు. అది ప్రభుత్వ భూమి కాబట్టి కూల్చేయాలనే అనుకున్నారు. కానీ జనం ఇష్టపడ్డారు. 1976లో దాన్ని అందరికీ తెరిచారు, పెద్దది చెయ్యడానికి ఆయనకే మనుషుల్నిచ్చారు. చేతి గాజుల ముక్కలు ఒళ్ళంతా పొదిగిన బొమ్మలు అక్కడ ఇప్పటికీ వరసగా నిలబడి ఉన్నాయి. ఎన్ని వేల ఇళ్ళలో ఎంతమంది చేతుల మీద గలగలలాడిన గాజులో అవి! వాటి గురించి తలుచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. మీ నాన్నని అడగండి, ఎప్పుడైనా తీసుకెళ్ళమని.

అన్నిటికీ ఇంట్లోనే పని దొరకదు. అప్పుడు వస్తువు ఊరి మీదికి వెళ్తుంది. మీ వీధిలో "పాత ఇనప సామాన్లు కొంటాం, పాత పేపర్లు కొంటాం" అంటూ బండి తోసుకొచ్చే ఆయన ఉంటాడు కదా, ఆయన్ని చెత్తవాడు అని ఎప్పుడూ అనకండి. ఆయనకి తెలిసినంత మనకి తెలియదు. ఏది ఇనుము, ఏది ఇత్తడి, ఏది అల్యూమినియం, చేత్తో పట్టుకుని చెప్పేస్తాడు. మీరు తాగి పడేసిన కూల్‌డ్రింక్ అల్యూమినియం డబ్బా ఆయన ద్వారా కొలిమికి చేరి మళ్ళీ డబ్బా అవుతుంది. బాక్సైట్ మట్టి తవ్వి కొత్త అల్యూమినియం తియ్యడానికి ఎంత శక్తి పడుతుందో, పాతది కరిగించడానికి అందులో దాదాపు 5 శాతం చాలు. మన తూర్పు కనుమల్లోనే బాక్సైట్ కొండలున్నాయి. డబ్బా చెత్తలో పడకుండా ఆయన బండెక్కిందంటే ఎక్కడో కొండ మీద అంత తవ్వకం తగ్గినట్టే.

కొన్నిటిని మాత్రం దాచొద్దు. పురుగుమందు డబ్బా ఎంత కడిగినా నీళ్ళకి వాడకూడదు. పగిలిన ట్యూబ్‌లైటు, ఉబ్బిన బ్యాటరీ చేత్తో ముట్టుకోకూడదు, పెద్దవాళ్ళకి చెప్పండి. పనికొస్తుందేమోనని అన్నీ మూలన పోగెయ్యడం కూడా మంచిది కాదు. తేళ్ళు చేరతాయి. చేతిలో పని ఉన్నదాన్నే ఉంచుకోవాలి, మిగతాది బండాయనకి ఇచ్చెయ్యాలి.

అన్నట్టు, ఆ కుర్చీ ఏమైందో చెప్పాలి కదా. విరిగింది ఒక్క కాలే. పైపలక మంచి టేకు. దాన్ని చిత్రిక పట్టి కింద రెండు చెక్కలు కొట్టాను, అమ్మమ్మ దాని మీద కూర్చుని కూరగాయలు తరుగుతోంది. మిగిలిన కాళ్ళు చిక్కుడు పందిరికి గుంజలయ్యాయి. మేకులు సుత్తితో సాపు చేసి హార్లిక్స్ సీసాలో వేశాను.

ఇప్పుడు మీకొక పని. మీ ఇంట్లో అటక మీద పాడైపోయిన స్పీకరు ఒకటి ఉండాలి, మీ నాన్న కాలేజీలో ఉండగా కొన్నది. నాన్న పక్కన కూర్చుని విప్పితే వెనకాల గుండ్రటి బరువైన అయస్కాంతం దొరుకుతుంది. ఏటీఎం కార్డుల దగ్గరికి మాత్రం తీసుకెళ్ళకండి. దాన్ని పట్టుకుని ఇల్లంతా తిరగండి. తలుపు గొళ్ళెం, పప్పు గుత్తి, అల్యూమినియం డబ్బా, పాత చిల్లర, కొత్త చిల్లర అన్నిటికీ ఆనించి చూడండి. వంటింట్లో స్టీలు గిన్నెల దగ్గర ఒక వింత కనిపిస్తుంది. ఒక గిన్నెకి టక్కున అంటుకుంటుంది, పక్కనున్న గిన్నెకి అసలు అంటుకోదు. రెండూ స్టీలే, రెండూ మెరుస్తూనే ఉంటాయి. ఎందుకో నేనిప్పుడు చెప్పను. అంటుకున్నవి ఒక పక్క, అంటుకోనివి ఒక పక్క కాగితం మీద రాసి పంపండి. కాగితం కొత్తది తియ్యొద్దు, ఒకవైపు ఖాళీగా ఉన్నది చూసుకోండి.

మీ తాతయ్య