వైన్ రుచిలో ఈస్ట్ పాత్ర: అపోహలు - వాస్తవాలు

వైన్ తయారీలో ద్రాక్ష రకం గురించీ, నేల గురించీ, ఓక్ పీపాల గురించీ ఎంతో చర్చ జరుగుతుంది. రసాన్ని నిజంగా వైన్‌గా మార్చే ఈస్ట్ విషయానికి వచ్చేసరికి మాత్రం ఆ శ్రద్ధ తగ్గిపోతుంది. 1883లో డెన్మార్క్ బీరు సంస్థ కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ అనే శాస్త్రవేత్త ఒకే కణం నుంచి పెంచిన శుద్ధమైన ఈస్ట్‌ను బీరు తయారీలో ప్రవేశపెట్టాడు. అప్పటి నుంచి ఈస్ట్‌ను ఎంచుకోవడం తయారీదారు చేతిలోకి వచ్చింది, ఆ ఎంపిక చుట్టూ అపోహలు కూడా పేరుకున్నాయి. ఈ పనిలో ఉన్నవాడిగా నేను తరచూ వినే కొన్నింటిని ఇక్కడ పరిశీలిస్తాను.

అపోహ: చక్కెరను ఆల్కహాల్‌గా మార్చడమే ఈస్ట్ పని, కాబట్టి ఏ ఈస్ట్ వాడినా ఒకటే.

ఇందులో సగం నిజం ఉంది. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర పులిస్తే వైన్‌లో 1 శాతం ఆల్కహాల్ ఏర్పడుతుంది. వైన్‌కు ఎక్కువగా వాడే ఈస్ట్ జాతి శాకరోమైసిస్ సెరివిసియే; దాని స్ట్రెయిన్లలో, అంటే ఉపరకాలలో, దేనిని తీసుకున్నా ఈ లెక్క పెద్దగా మారదు. తేడా అంతా మిగిలిన కొద్దిపాటి పదార్థాలలో ఉంటుంది. గ్లిసరాల్, సక్సినిక్ ఆమ్లం, అసిటిక్ ఆమ్లం గ్రాముల లెక్కలోనో అంతకంటే తక్కువగానో ఏర్పడతాయి. పండ్ల వాసననిచ్చే ఈస్టర్లు మిల్లీగ్రాములలో ఉంటాయి. థయోల్స్ అనే గంధక సమ్మేళనాలు గ్రాములో వంద కోట్ల వంతు ప్రమాణంలో, అంటే నానోగ్రాములలో ఉంటాయి. మన ముక్కు గుర్తుపట్టేది ముఖ్యంగా ఈ చివరి రెండింటినే. వాటి పాళ్లు స్ట్రెయిన్‌ను బట్టి ఎన్నో రెట్లు మారిపోతాయి.

అపోహ: ప్యాకెట్ మీద రాసి ఉన్న వాసనను ఈస్ట్ వైన్‌లోకి తెస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ నిరాశ మిగిల్చే అపోహ ఇదే, అందుకే దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. వాసనలు వైన్‌లోకి వచ్చే దారులు ఒకటి కంటే ఎక్కువ. అరటిపండు వాసననిచ్చే ఐసోఅమైల్ అసిటేట్ వంటి ఈస్టర్లను ఈస్ట్ తన జీవక్రియలో భాగంగా స్వయంగా తయారు చేస్తుంది, కనుక వీటి విషయంలో స్ట్రెయిన్ ప్రభావం సూటిగా కనిపిస్తుంది. సావిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల వైన్‌లో గ్రేప్‌ఫ్రూట్, ప్యాషన్ ఫ్రూట్ వాసనలకు కారణమైన థయోల్స్ సంగతి వేరు. అప్పుడే పిండిన రసాన్ని నోట్లో వేసుకుంటే తీపి, పులుపు, కొద్దిగా పచ్చి ఆకు వాసన మాత్రమే తెలుస్తాయి. పులియడం సగానికి వచ్చాక అదే ట్యాంకు మూత తీస్తే ప్యాషన్ ఫ్రూట్ వాసన గుప్పుమంటుంది. ఆ సమ్మేళనం ద్రాక్షలో మొదటి నుంచీ ఉన్నదే. అయితే అది సిస్టీన్ అనే అమైనో ఆమ్లంతోనో గ్లుటాథయోన్ అనే మరో అణువుతోనో బంధించబడి ఉండడం వల్ల దానికి వాసన ఉండదు. ఈస్ట్ దానిని కణంలోకి తీసుకుని బీటా-లయేజ్ అనే ఎంజైముతో ఆ బంధాన్ని తెంచితేనే అది బయటపడుతుంది.

ఇక్కడే స్ట్రెయిన్ ఎంపికకు విలువ వస్తుంది. ఈ పని చేసే ముఖ్యమైన జన్యువు ఐఆర్‌సీ7. చాలా వైన్ స్ట్రెయిన్లలో ఈ జన్యువులో 38 క్షారాల (డీఎన్ఏ అక్షరాల) ముక్క లోపించి, ఎంజైము పొట్టిగా, దాదాపు పనికిరాకుండా తయారవుతుంది. పూర్తి జన్యువు ఉన్న స్ట్రెయిన్ ఎక్కువ థయోల్స్‌ను విడుదల చేయగలదు. అయినా రసంలో ఆ బంధిత పదార్థమే లేకపోతే ఎంత మంచి స్ట్రెయిన్ అయినా చేయగలిగింది ఏమీ ఉండదు. ప్యాకెట్ మీది వర్ణనను హామీగా కాక, తగిన రసం దొరికితే సాధ్యమయ్యే ఫలితంగా చదవాలని నా అభిప్రాయం. మస్కట్ ద్రాక్షలోని పూల వాసన ఈ రెండింటికీ మధ్యస్థం: జెరానియాల్ వంటి టెర్పీన్లు అనే సువాసన పదార్థాలు పండులోనివే అయినా, వాటిలో కొంత భాగాన్ని ఈస్ట్ సిట్రోనెల్లాల్‌గా మార్చి సువాసన తీరునే మార్చేస్తుంది.

అపోహ: ఈస్ట్ కలపకుండా పులియబెడితే తోటలోని ఈస్టే మొత్తం పని చేస్తుంది.

ఆరోగ్యంగా ఉన్న ద్రాక్ష పండ్ల తొక్క మీద శాకరోమైసిస్ సెరివిసియే చాలా అరుదు. అక్కడ ఎక్కువగా ఉండేవి హాన్సెనియాస్పోరా, మెట్ష్నికోవియా వంటి జాతులు. పులియడాన్ని మొదలుపెట్టేవి ఇవే. ఆల్కహాల్ పెరిగే కొద్దీ ఇవి తగ్గిపోతాయి, సెరివిసియే స్ట్రెయిన్లు రసాన్ని ఆక్రమిస్తాయి. ఆ స్ట్రెయిన్లు చాలాసార్లు ట్యాంకులు, గొట్టాలు, ప్రెస్‌లలో స్థిరపడినవే; వాటిలో గతంలో కొని వాడిన ఈస్ట్ సంతతి కూడా ఉండవచ్చు. మొదటి దశలో పనిచేసే జాతులు వైన్‌కు లోతును తెస్తాయన్న మాటను నేను కాదనను. అయితే హాన్సెనియాస్పోరా ఎక్కువకాలం నిలిస్తే ఈథైల్ అసిటేట్ పెరిగి నెయిల్ పాలిష్ వాసన వస్తుంది, దానిని తర్వాత తీసివేయడం దాదాపు అసాధ్యం. సహజంగా పులియబెట్టాలనుకునేవారు మొదటి రోజులలో ట్యాంకును వదలకుండా గమనిస్తూ ఉండాలి.

అపోహ: కుళ్లిన గుడ్డు వాసన వచ్చిందంటే ఈస్ట్ చెడిపోయిందని అర్థం.

చాలా సందర్భాలలో ఈస్ట్ చెడిపోదు, దానికి తిండి చాలదు. గంధకం ఉన్న అమైనో ఆమ్లాలను తయారు చేసుకోవడానికి ఈస్ట్ రసంలోని సల్ఫేట్‌ను సల్ఫైడ్‌గా మారుస్తుంది. ఆ సల్ఫైడ్‌ను అందుకుని ముందుకు తీసుకెళ్లే అణువులు నత్రజని నుంచి తయారవుతాయి. నత్రజని కొరవడితే సల్ఫైడ్ కణంలో ఇమడక హైడ్రోజన్ సల్ఫైడ్‌గా బయటికి వస్తుంది. ఈస్ట్ వినియోగించుకోగల నత్రజని లీటరుకు సుమారు 140 మిల్లీగ్రాముల కంటే తక్కువగా ఉన్న రసంలో ఈ ప్రమాదం ఎక్కువ. స్ట్రెయిన్ల మధ్య తేడా కూడా పెద్దదే: కొన్నింటికి నత్రజని అవసరం చాలా ఎక్కువ, మరికొన్నింటిని హైడ్రోజన్ సల్ఫైడ్ దాదాపుగా విడుదల చేయని జన్యు లక్షణాన్ని బట్టి ఎంచి పెంచారు. అందుకే రసంలో నత్రజని కొలవకుండా స్ట్రెయిన్‌ను నిర్ణయించడం నాకు సమ్మతం కాదు. కొలవకుండా, నత్రజనిని అందించే డైఅమోనియం ఫాస్ఫేట్‌ను గుమ్మరించడం అంతకంటే తప్పు. అది మోతాదు మించితే ఈథైల్ అసిటేట్ పెరగవచ్చు. పులియడం చివరి దశలో కలిపితే, అప్పటికే పెరిగిన ఆల్కహాల్ వల్ల ఈస్ట్ దానిని సరిగా తీసుకోలేదు.

అపోహ: పులుపు ద్రాక్షదే, దాని మీద ఈస్ట్ ప్రభావం ఉండదు.

ద్రాక్ష పులుపుకు ముఖ్య కారణాలు టార్టారిక్, మాలిక్ ఆమ్లాలు. టార్టారిక్ ఆమ్లం విషయంలో ఈ మాట దాదాపు సరైనదే. మాలిక్ ఆమ్లం విషయంలో సరి కాదు. 71బి అనే ప్రసిద్ధ స్ట్రెయిన్ మాలిక్ ఆమ్లంలో గణనీయమైన భాగాన్ని తినేసి వైన్‌ను మృదువుగా చేస్తుంది. దీనికి విరుద్ధంగా లకాంసియా థర్మోటోలరాన్స్ అనే జాతి చక్కెర నుంచే లాక్టిక్ ఆమ్లాన్ని తయారు చేసి పులుపును పెంచుతుంది. వేడి ప్రాంతాలలో పులుపు తగ్గిపోయిన పండుకు ఇది నిజంగా ఉపయోగపడుతుంది, కానీ పులియడాన్ని ముగించడానికి దాని వెంట సెరివిసియే కూడా ఉండాలి.

అపోహ: గ్లిసరాల్ ఎక్కువగా ఇచ్చే ఈస్ట్ వైన్‌కు చిక్కదనాన్ని ఇస్తుంది.

సాధారణంగా వైన్‌లో లీటరుకు 5 నుంచి 10 గ్రాముల గ్లిసరాల్ ఉంటుంది. చిక్కదనంలో తేడా నోటికి తెలియాలంటే సుమారు 25 గ్రాములు కావాలి. కొద్దిపాటి తీపిని మించి దాని నుంచి ఏమీ ఆశించకూడదు.

అపోహ: సల్ఫైట్ కలపకపోతే వైన్‌లో సల్ఫైట్ ఉండదు.

వైన్‌లో సల్ఫైట్‌గా లెక్కించే సల్ఫర్ డయాక్సైడ్‌ను ఈస్ట్ తానే తయారు చేస్తుంది. ఎంత తయారు చేస్తుందన్నది స్ట్రెయిన్‌ను బట్టి ఉంటుంది. అది ఎక్కువైతే మాలిక్ ఆమ్లాన్ని లాక్టిక్ ఆమ్లంగా మార్చే బ్యాక్టీరియా పని కుంటుపడుతుంది. ఆ రెండో దశ కావాలనుకునేవారు స్ట్రెయిన్‌ను ఎంచుకునేటప్పుడే ఈ సంగతి చూసుకోవాలి.

అపోహ: షాంపేన్ ఈస్ట్ వాడితే షాంపేన్ రుచి వస్తుంది.

ఆ పేరుతో విస్తృతంగా అమ్ముడయ్యే ఈసీ1118 స్ట్రెయిన్ వాసన పరంగా తటస్థమైనది. సుమారు 18 శాతం ఆల్కహాల్ వరకు తట్టుకుంటుంది, అనుకూలం కాని పరిస్థితులలోనూ పులియడాన్ని ముగిస్తుంది, కానీ తన ముద్రను పెద్దగా వేయదు. షాంపేన్‌లోని బ్రెడ్ వాసన పులియడం ముగిశాక, సీసాలోనే చనిపోయిన ఈస్ట్ కణాలు విచ్ఛిన్నమవుతూ వైన్‌లోకి విడుదల చేసే పదార్థాల నుంచి వస్తుంది. అందుకే అక్కడి నిబంధనల ప్రకారం సంవత్సరం ముద్రించని షాంపేన్ సీసాలో కనీసం 15 నెలలు ఉండాలి, అందులో 12 నెలలు ఈస్ట్ మడ్డి మీదే గడవాలి. సంవత్సరం ముద్రించిన దానికైతే 3 ఏళ్లు పడుతుంది. ఈ వాసన కోరుకునేవారు ప్యాకెట్ మార్చడం కంటే వైన్‌ను మడ్డి మీద ఎంతకాలం ఉంచాలన్నది ముందుగా నిర్ణయించుకోవాలి.

స్ట్రెయిన్లను పోల్చి చూడాలనుకునేవారు ఒకే రసాన్ని రెండు చిన్న పాత్రలలోకి సమానంగా తీసుకుని, ఉష్ణోగ్రతను, నత్రజనిని ఒకేలా ఉంచి, ఈస్ట్‌ను మాత్రమే మార్చి చూడాలి. పులియడం ముగిసిన వెంటనే రుచి చూసి తీర్పు ఇవ్వకూడదు. ఈస్టర్లలో చాలా భాగం నెలల వ్యవధిలో తగ్గిపోతుంది కాబట్టి, ఆరు నెలల తర్వాత మరోసారి రుచి చూశాకే వచ్చే పంటకు ఏ స్ట్రెయిన్ వాడాలో నిర్ణయించుకోవాలి.