సిరీస్ చీకటిగా ఉంటే టీవీ ఖరాబైనట్టేనా? అపోహలు - వాస్తవాలు

హనుమకొండ, కాజీపేట వైపు టీవీ సర్వీసు చేసేవాళ్లందరికీ ఈ ఫోన్ అలవాటే. “అన్నా, పీకీ బ్లైండర్స్ పెడితే ఏం కనిపిస్తలేదు. ప్యానెల్ పోయిందంటున్నరు, ఎంతైతది?” ఇంకొందరు సిరీస్‌నే తిడతారు, ఇంత పేరొచ్చినదానికి లైటింగే లేదని.

అపోహ: బొమ్మ చీకటిగా ఉంటే ప్యానెల్ (బొమ్మ వచ్చే తెర) పోయినట్టే.

కాదు. ఎక్కువ డబ్బు పోగొట్టేది ఈ మాటే. ప్యానెల్ మార్పు చాలాసార్లు కొత్త టీవీ ధరకు దగ్గరగా వస్తుంది. భయపడి అడ్వాన్స్ ఇచ్చేముందు రెండు నిమిషాలు ఆగండి.

పీకీ బ్లైండర్స్ కథ 1919లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో మొదలవుతుంది. ఫ్యాక్టరీల పొగ, మసి, కిటికీలోంచి పడే కాస్త వెలుతురు. ముఖంలో సగం నీడలో ఉండటం కావాలని చేసిందే. ఇలాంటి బొమ్మకు రంగులు సరిచేసేది మసక గదిలో. మన ఇళ్లల్లో టీవీకి ఎదురుగోడ మీదే ట్యూబ్‌లైటు ఉంటుంది, ఆ వెలుగు తెర మీద పడి నీడలను మింగేస్తుంది.

ముందు న్యూస్ చానెల్ పెట్టండి. తెలుపు అంతటా సమంగా ఉంటే ప్యానెల్, దాని వెనక వెలుగిచ్చే బ్యాక్‌లైట్ రెండూ బాగున్నట్టే. అందులోనూ ఒక మూల నల్లబడ్డా, తెలుపు ఊదాగా మారినా బ్యాక్‌లైట్ ఎల్‌ఈడీలు అరిగాయి. మాట వినిపించి బొమ్మ అసలే రాకపోతే, గది చీకటి చేసి ఫోన్ టార్చ్‌ను తెరకు దగ్గరగా, ఏటవాలుగా పట్టండి. లోపల బొమ్మ మసకగా కదిలితే ప్యానెల్ బాగుంది. పోయింది బ్యాక్‌లైట్ ఎల్‌ఈడీలుండే పట్టీలు (స్ట్రిప్‌లు) గానీ, వాటికి కరెంటిచ్చే భాగం గానీ. స్ట్రిప్‌లు మార్చేటప్పుడు సెట్ మొత్తం మార్పించండి. ఒక్కటే మారిస్తే మిగతా పాతవి ఒక్కొక్కటే పోతాయి. ఎల్‌ఈడీలు 3 వోల్టులవా 6 వోల్టులవా చూసి అవే వేయాలి.

న్యూస్ బాగుండి సిరీస్ ఒక్కటే చీకటైతే స్క్రూడ్రైవర్‌తో పనిలేదు. ఎనర్జీ సేవింగ్, లైట్ సెన్సార్ ఆఫ్ చేయండి. పిక్చర్ మోడ్ వివిడ్ నుంచి సినిమాకు మార్చి, బ్యాక్‌లైట్ పగలు 80 దాటించండి, రాత్రి 40 దగ్గర చాలు. గామా (నీడలు ఎంత ముదురుగా కనబడాలో చెప్పే సెట్టింగ్) 2.4 ఉంటే 2.2కు దించండి, నీడల్లోని కోటు మడతలు తేలతాయి. బ్రైట్‌నెస్ జోలికి మాత్రం చూసి వెళ్లాలి: కొన్ని బ్రాండ్లలో అది బ్లాక్ లెవెల్, అంటే నలుపు ఎంత నల్లగా ఉండాలో చెప్పేది. పెంచినప్పుడు టైటిల్స్ వెనక నలుపు బూడిదరంగైతే వెనక్కి తేవాలి. ఈ మార్పులన్నీ సిరీస్ నడుస్తుండగానే చేయండి. చాలా టీవీల్లో సెట్‌టాప్ బాక్స్ మీద చేసినవి యాప్‌కు వర్తించవు.

అపోహ: హెచ్‌డీఆర్ అని రాసి ఉంటే బొమ్మ వెలుగుతుంది.

హెచ్‌డీఆర్ అంటే వెలుగు, నీడల తేడా ఎక్కువగా చూపే వీడియో. దాన్ని ఎక్కువగా 1000 నిట్స్ (తెర వెలుగు కొలత) లెక్కన తయారుచేస్తారు. చవక టీవీ ఇచ్చేది 250, 300. ఎక్కువ వెలుగును ఆ కొంచెంలో ఇమిడ్చేసరికి మధ్య రంగులు కిందికి జారి గదంతా చీకటవుతుంది. టీవీకి తగిలించే ఫైర్ స్టిక్ వాడితే, అందులో డైనమిక్ రేంజ్ ‘ఆల్వేస్ హెచ్‌డీఆర్’ ఉంటే ‘అడాప్టివ్’ పెట్టండి. అప్పటికీ కుదరకపోతే హెచ్‌డీఆరే ఆపేయండి, చవక టీవీకి అదే మేలు. బొమ్మ పంపే పరికరంలో ఫుల్ రేంజ్, టీవీలో లిమిటెడ్ ఉన్నా నీడలన్నీ నల్ల ముద్దవుతాయి. రెండూ ఒకటే ఉండాలి.

అపోహ: మోటార్లు నడిచే టైంల వోల్టేజీ తగ్గి బొమ్మ చీకటైతది.

టీవీ వెనక 100-240 వోల్టులు అని రాసి ఉంటే ఆ మధ్యలో వెలుగు మారదు.

అపోహ: పొగలో గళ్లు కనబడితే తెర చెడింది.

అది నెట్ సంగతి. నెట్‌ఫ్లిక్స్‌కు 1080పీకి 5, 4కేకి 15 ఎంబీపీఎస్ కావాలి. ప్లేబ్యాక్ సెట్టింగుల్లో డేటా వాడకం ‘హై’లో ఉందో లేదో చూడండి.

అపోహ: మాటలు వినబడట్లేదంటే స్పీకర్ పోయింది.

5.1 ఆడియోలో (ఐదు స్పీకర్లు, ఒక బేస్ స్పీకర్ కోసం చేసిన శబ్దం) సంభాషణ మధ్య స్పీకర్‌ది. టీవీలో ఉన్నవి రెండే, అవీ కిందికి చూస్తాయి. ఆడియో మెనూలో 5.1 లేని ఇంగ్లిష్ ఎంచుకుని, సౌండ్ అవుట్‌పుట్ పీసీఎం (మామూలు స్టీరియో శబ్దం) పెట్టండి. ఆ బర్మింగ్‌హామ్ యాసకు సబ్‌టైటిల్స్ ఎలాగూ కావాలి.