కక్ష్యలో ఒక కిటికీ, ఒక భోజనబల్ల

అమెరికా తన తొలి అంతరిక్ష కేంద్రమైన స్కైలాబ్‌ను 1973 మే 14న ప్రయోగించింది. దాని లోపలి అమరికపై సలహా ఇచ్చేందుకు నాసా పిలిపించుకున్న పారిశ్రామిక రూపశిల్పి రేమండ్ లోవీ, భోజనశాలకు కిటికీ ఉండి తీరాలని పట్టుబట్టాడు. కిటికీ పెడితే ఖర్చూ ఆలస్యమూ పెరుగుతాయన్న అభ్యంతరాలు వచ్చినా చివరకు కిటికీ పెట్టారు. 28, 59, 84 రోజుల చొప్పున అక్కడ గడిపిన మూడు బృందాలకూ తీరిక దొరికితే దాని దగ్గరికి చేరి భూమిని చూడడమే ఇష్టమైన కాలక్షేపమైంది. భోజనబల్లను త్రిభుజాకారంలో చేశారు. బృందంలోని ముగ్గురూ ఎదురెదురుగా కూర్చుంటారు, ఎవరికీ పెద్దపీట ఉండదు. ఇవి విలాసాలు కావు, ప్రాణవాయువు యంత్రంతో సమానమైన అవసరాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఒంటరిగా ఉండే చోటు కూడా అలాంటిదే. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో వ్యోమగామి పడకగది పాతకాలపు టెలిఫోన్ బూత్ అంతే ఉంటుంది. గోడకు కట్టిన సంచిలో దూరి నిద్రపోతే చేతులు వాటంతటవే ముఖం ముందుకు తేలివస్తాయి. భూమిపై వెచ్చని గాలి పైకి లేచి పోతుంది కాబట్టి మనం వదిలిన ఊపిరి మన దగ్గరే నిలవదు. భారరహిత స్థితిలో ఆ కదలిక లేనందున, గాలి ఆడకపోతే కార్బన్ డయాక్సైడ్ ముక్కు చుట్టూనే పేరుకుని తలనొప్పి తెస్తుంది. అందుకే ఫ్యాను నిరంతరం తిరగాలి, అయినా దాని రొద నిద్ర చెడగొట్టకూడదు. ఈ రెంటినీ కుదర్చడానికే గోడలకు శబ్దాన్ని పీల్చే మెత్తని పొరలు అమర్చారు.

రష్యన్ వాస్తుశిల్పి గలీనా బలషోవా సోయజ్ నౌక, సల్యూత్, మీర్ అంతరిక్ష కేంద్రాల లోపలి భాగాలకు రూపమిచ్చేటప్పుడు రంగులనే ఆధారం చేసుకుంది. కిందా పైనా తేడా తెలియని చోట, నేలకు ముదురు రంగూ కప్పుకు లేత రంగూ వేస్తే మనసు దిక్కు తెలుసుకుంటుంది.

అంగారక యాత్ర మరీ కఠినం. అక్కడికి చేరడానికే ఆరు నుంచి తొమ్మిది నెలలు పడుతుంది, దారిలో కిటికీలోని భూమి చుక్కగా మారిపోతుంది. 2023 జూన్ నుంచి 2024 జూలై దాకా హ్యూస్టన్‌లో త్రీడీ ముద్రణతో కట్టిన ఇంట్లో నలుగురు 378 రోజులు ఉండి ఇలాంటి ఏకాంతాన్ని పరీక్షించారు. అయితే ఆ ఇంట్లో పరీక్షించలేనిది సౌర తుఫాను, అంటే సూర్యుడి నుంచి దూసుకొచ్చే ప్రమాదకర రేణువుల ఉప్పెన. ఆ రేణువులను అడ్డుకోవడంలో హైడ్రోజన్ అధికంగా ఉన్న నీరు బాగా పనికొస్తుంది. అందువల్ల నీటి సంచులనూ ఆహారపు పొట్లాలనూ పడకగదుల చుట్టూ పేర్చాలన్న ఆలోచన ఉంది. తిన్నకొద్దీ ఆ గోడ పలచబడుతుంది కనుక, ఖాళీ అయిన చోటును వ్యర్థాలతో నింపే ఏర్పాటు కూడా ఇంటి నమూనాలో ముందే ఉండాలి.