ర్యామ్ ముక్కతో గట్టెక్కని గండం

నెల్లూరు ట్రంకు రోడ్డు నుంచి పక్కకు తిరిగే ఒక సందులో నాకు తెలిసిన డీటీపీ దుకాణం ఉంది. పెళ్లి పత్రికలు, పెద్దకర్మ కార్డులు, బళ్లకు ప్రశ్నపత్రాలు, రొయ్యల మేత అమ్మే కొట్లకు బిల్లు పుస్తకాలు అక్కడ తయారవుతాయి. మూడు కంప్యూటర్లున్నాయి. మొదటిది విండోస్ ఎక్స్‌పీ. దానికి ఇంటర్నెట్ తీగ తగలనివ్వరు. రెండోదాంట్లో విండోస్ 7. మూడోది విండోస్ 10. ఖాతాదారులు వాట్సాప్‌లో పంపే ఫోటోలు దించుకోవడం, పీడీఎఫ్‌లు పంపడం దాని పని.

ఆ మూడో కంప్యూటర్ ఇప్పుడు ఒక నోటీసు చూపిస్తోంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు, అంటే భద్రతా అప్‌డేట్లు, ముగిసిందని, ఈ యంత్రం విండోస్ 11కు పనికిరాదని దాని సారాంశం. దుకాణం యజమాని నన్ను అడిగారు: "బాగా పనిచేస్తున్న మిషనే కదా సార్, దీనికి వచ్చిన రోగం ఏమిటి?"

అందులో ఉన్నది నాలుగో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ. ఏదో కంపెనీ లీజు ముగిశాక వదిలించుకున్న పెట్టె. టీ గ్లాసు కింద పెట్టేలోపు తెరుచుకుంటుంది. రోగం ఏదీ లేదు. మరి ఎందుకు పాతబడిందో చెప్పాలంటే పాతికేళ్లు వెనక్కి వెళ్లక తప్పదు.

జిల్లా పట్టణాల్లో కంప్యూటర్ జనం కంటపడింది 1990ల చివర్లో. 1998 నవంబరులో రాష్ట్రంలోని రిజిస్ట్రేషన్ కార్యాలయాలకు 'కార్డ్' పేరుతో కంప్యూటర్లు రావడం మొదలైంది. దస్తావేజులు రాసేవాళ్ల బల్లల మీద టైపు మిషన్లు ఉన్నచోట కొన్నాళ్లకు మానిటర్లు వెలిశాయి. అదే కాలంలో అచ్చు సీసం నుంచి తెర మీదికి మారుతోంది. అందుకు సాధనం పేజ్‌మేకర్. ఆల్డస్ అనే సంస్థ 1985లో మెకింటాష్ కోసం తెచ్చిన ఈ ప్రోగ్రాము, 1994లో ఆ సంస్థను అడోబీ కొనేయడంతో చేతులు మారింది. 7.0 కూర్పు 2001లో వచ్చింది, అదే ఆఖరుది. 2004కల్లా అడోబీ దాని అభివృద్ధి ఆపేసి, అందరినీ తన మరో ప్రోగ్రాము ఇన్‌డిజైన్‌కు మారమంది. మన ఊళ్లలో ఆ మాట విన్నవాళ్లు తక్కువ.

ఎందుకు వినలేదో కొంచెం తీరిగ్గా చెప్పాలి. అసలు చిక్కుముడి అక్కడే పడింది.

పేజ్‌మేకర్‌కు తెలుగు రాదు. దానికి తెలిసినవి ఒక్కో అక్షరానికి ఒక్కో సంఖ్య ఉండే పాశ్చాత్య లిపులే. కాబట్టి అను స్క్రిప్ట్ మేనేజర్, శ్రీలిపి లాంటి తెలుగు టైపింగు ప్రోగ్రాములు తెలివైన అడ్డదారి పట్టాయి. ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలు కేటాయించిన గదుల్లో తెలుగు ముక్కలు కూర్చోబెట్టాయి. ఒక గదిలో తలకట్టు, ఒక గదిలో గుడి, ఇంకో గదిలో ర ఒత్తు. కంప్యూటర్ దృష్టిలో అది ఎప్పటికీ ఇంగ్లీషే. మన కంటికి మాత్రం తెలుగు. ఫాంటు ఉన్నంతవరకు పేచీ లేదు. అదే ఫైలును ఆ ఫాంటు లేని యంత్రంలో తెరవండి: 'చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి' ఉండాల్సిన చోట డాలరు గుర్తులు, కామాలు, నెత్తిన చుక్కలున్న యూరోపు అక్షరాలు వరుసకట్టి కనిపిస్తాయి. నేను మొదటిసారి చూసినప్పుడు వైరస్ అనుకున్నాను.

దానికి తోడు కీబోర్డు. డీటీపీ ఆపరేటర్లలో చాలామంది చేతులు 'యాపిల్' అమరికకు అలవాటు పడ్డాయి. విండోస్ యంత్రం మీద యాపిల్ పేరున్న కీబోర్డు! ఈ దుకాణంలో పని చేసే ఆవిడ ఇరవై ఏళ్లుగా అదే కొడుతున్నారు. కీల మీది అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. ఆమెకు వాటి అవసరమూ లేదు. కేంద్ర ప్రభుత్వ ప్రమాణం ఇన్‌స్క్రిప్ట్ అని, అది విండోస్‌లో ఉచితంగానే దొరుకుతుందని చెబితే నవ్వి ఊరుకుంటారు. నేర్చిన చేతులు మార్చుకోవాలంటే ముహూర్తాల కాలం మొత్తం పని పడకేస్తుంది మరి.

ఇంతకీ సరైన దారి అప్పటికే ఉంది. ప్రతి భాష అక్షరాలకూ సొంత సంఖ్యలిచ్చే యూనికోడ్ ప్రమాణం 1991లో తొలి కూర్పులోనే తెలుగుకు చోటిచ్చింది. 2001 అక్టోబరులో వచ్చిన ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంటు కూడా ఉంది. కాకపోతే అది పనిచేయాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో ఒక గడిలో టిక్కు పెట్టి, విండోస్ సీడీ మళ్లీ పెట్టాలి. ఆ టిక్కు పెట్టిన దుకాణాన్ని నేను చూడలేదు. పెట్టినా పేజ్‌మేకర్‌కు యూనికోడ్ అర్థం కాదు. ఇన్‌డిజైన్ తెలుగు ఒత్తులను తిన్నగా పేర్చడానికి 2012 నాటి సీఎస్6 రావలసి వచ్చింది. అప్పటికి మన దుకాణాల్లో లెక్కలేనన్ని పత్రికలు పాత పద్ధతిలోనే పోగుపడ్డాయి.

ఇక పెట్టెల సంగతి. నెల్లూరు వాళ్లకు కంప్యూటర్ సామాను అంటే చెన్నై రిచీ స్ట్రీటే. పొద్దున రైలెక్కి సెంట్రల్లో దిగి, మౌంట్‌రోడ్డు వైపు నడిచి, మదర్‌బోర్డు ఒకచోట, క్యాబినెట్ ఒకచోట బేరమాడి రాత్రికి ఇల్లు చేరేవాళ్లు. ఒంగోలు వాళ్లు విజయవాడ కూడా వెళ్లేవాళ్లు. అలా ముక్కలు ముక్కలుగా కొని బిగించిన యంత్రంలో విండోస్‌కు డబ్బు కట్టే ఆలోచన ఎవరికీ వచ్చేది కాదు. ఎఫ్‌సీకేజీడబ్ల్యూ అని మొదలయ్యే ఎక్స్‌పీ కీ ఆ తరం మెకానిక్కులకు నోటికి వచ్చు. అది బయటికి పొక్కిన కంపెనీల తాళం. 2002లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 1 దాన్ని అడ్డుకుంది, ఇంకో కీ పుట్టింది. 2008లో మైక్రోసాఫ్ట్ మరో ఎత్తు వేసింది. నకిలీ ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌లో డెస్క్‌టాప్ గంటకోసారి నల్లబడేది. దేవుడి పటం పెట్టుకున్న తెర నల్లబడితే అశుభమని దుకాణదారులు మెకానిక్కును పరుగెత్తించేవాళ్లు.

ఆ రోజుల్లో పాతబడటమంటే అర్థం ఒక్కటే: ర్యామ్ చాలకపోవడం. విండోస్ 95కు 4 ఎంబీ ఉంటే లేచి నిలబడేది. 98కి 16 కావాలి. ఎక్స్‌పీకి 64 అన్నారు, 128 ఉంటే మంచిదన్నారు. విస్టాకు 512, విండోస్ 7కు 1 జీబీ. ప్రతిసారీ ఒక ర్యామ్ ముక్క కొని గుచ్చితే గండం గడిచేది. ఆటలు ఆడే కుర్రాళ్లదీ ఇదే దారి. 'వైస్ సిటీ' ఆటకు కనీసం 800 మెగాహెర్ట్జ్ పెంటియం 3, 128 ఎంబీ ర్యామ్, 32 ఎంబీ గ్రాఫిక్స్ కార్డు అడిగేవాళ్లు. గంటకు డబ్బులిచ్చి నెట్ సెంటర్లలో ఆడినవాళ్లకు ఈ అంకెలు తిథి నక్షత్రాల్లా గుర్తు. లేని ముక్క తెచ్చుకుంటే ఆట నడిచేది.

2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి మద్దతు ఆగినప్పుడు మన వీధుల్లో ఎవరూ ఉలిక్కిపడలేదు. ఉలికిపాటు మూడేళ్ల తర్వాత వచ్చింది. 2017 మే 12న వన్నాక్రై ప్రపంచమంతా పాకింది. ఫైళ్లను తాళం వేసి బిట్‌కాయిన్లు అడిగే ఆ పురుగు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లలో కొన్నింటిని కూడా పట్టింది. కాలం చెల్లిన ఎక్స్‌పీకి సైతం మైక్రోసాఫ్ట్ అప్పటికప్పుడు అతుకు విడుదల చేయాల్సి వచ్చింది. మన దుకాణం ఎక్స్‌పీ యంత్రానికి నెట్ తీగ పీకేసింది ఆ వారంలోనే.

విండోస్ 10 మాత్రం మంచి పేరుతో వచ్చింది. 2015 జులై 29న విడుదలై, 7, 8.1 ఉన్నవాళ్లకు ఏడాదిపాటు ఉచితమంది. ఏడాది దాటాక కూడా పాత విండోస్ 7 కీలు 2023 సెప్టెంబరు దాకా చెల్లుతూనే ఉన్నాయి. పైగా ర్యామ్ విషయంలో 7 అడిగిన దానికన్నా పైసా ఎక్కువ అడగలేదు. విడుదలకు ముందు, 2015 మే నెలలో జెర్రీ నిక్సన్ అనే మైక్రోసాఫ్ట్ ఉద్యోగి ఒక సమావేశంలో ఇదే విండోస్ చివరి కూర్పు అన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. సంస్థ ఆ మాటను గట్టిగా ఖండించలేదు. ఇక మార్చే పని లేదని మన మెకానిక్కులూ అదే చెప్పి అమ్మారు.

2021 జూన్‌లో విండోస్ 11 ప్రకటన, అక్టోబరు 5న విడుదల. ఈసారి ర్యామ్ 4 జీబీ చాలు. గొడవ దాని దగ్గర లేదు. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, నమ్మకమైన ప్రోగ్రాములతోనే యంత్రం లేచేలా చూసే సెక్యూర్ బూట్ ఉండాలన్నారు. వాటితో పాటు ఒక జాబితా పెట్టారు. ఇంటెల్ అయితే 2017లో మొదలైన ఎనిమిదో తరం, ఏఎండీ అయితే రైజన్ 2000 నుంచి. జాబితాలో పేరు లేకపోతే ఎంత ర్యామ్ గుచ్చినా లాభం లేదు. పాతబడటం అనే మాటకు అర్థం మారిపోయింది ఇక్కడే.

మైక్రోసాఫ్ట్ వాదన పూర్తిగా తీసిపారేయదగ్గది కాదు. తాళాలను ప్రాసెసర్ పక్కన విడిగా దాచే చిప్పు ఉంటే దొంగతనం కష్టమవుతుంది, నిజం. షరతులకు సరిపోని యంత్రాల్లో విండోస్ గుండెకాయ లాంటి కెర్నెల్ స్థాయిలో క్రాష్‌లు 52 శాతం ఎక్కువని కూడా ఆ సంస్థ చెప్పింది. కానీ ఆరు, ఏడు తరాల ఇంటెల్ యంత్రాల్లో చాలావాటికి బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు లేచే సెట్టింగుల తెరలో, ఒక మీట నొక్కితే టీపీఎం 2.0 వస్తుంది. అయినా వాటిని బయటే ఉంచారు. మినహాయింపులు మాత్రం కొన్ని ఉన్నాయి. ఏడో తరానికి చెందిన ఐ7-7820హెచ్‌క్యూను 2021 ఆగస్టులో జాబితాలో చేర్చారు. ఆ ప్రాసెసర్‌తో మైక్రోసాఫ్ట్ స్వయంగా అమ్మిన యంత్రం ఒకటుంది: సర్ఫేస్ స్టూడియో 2. సొంత బిడ్డకు దొరికిన దారి పక్కింటి బిడ్డకు ఎందుకు దొరకలేదో ఈ 52 శాతం లెక్క చెప్పదు. నా మట్టుకు నాకు ఆ జాబితా మీద నమ్మకం అక్కడే పోయింది.

ఆటగాళ్లకు ఈ సెగ ముందే తగిలింది. విండోస్ 11లో వాలరెంట్ అనే ఆన్‌లైన్ ఆట ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ రెండూ ఆన్‌లో ఉండాలి, మోసగాళ్లను ఆపడానికట. 2024 జనవరి 1 నుంచి ఆటలు అమ్మే స్టీమ్ విండోస్ 7ను వదిలేసింది. గ్రాఫిక్స్ కార్డు సంగతి తర్వాత, ముందు బయోస్ తెరవడం నేర్చుకోండి అని పిల్లలకు చెప్పే కాలం.

గడువు దాటాక ఇప్పుడున్న దారులు నాలుగైదు. ఒకటి, భద్రతా అప్‌డేట్లకు మైక్రోసాఫ్ట్ ఇస్తున్న పొడిగింపు: 30 డాలర్లు కట్టవచ్చు, లేదా సెట్టింగులను మైక్రోసాఫ్ట్ ఖాతాతో సమకాలం చేసుకుంటే ఉచితం. అయితే అది 2026 అక్టోబరు 13 వరకే. రెండు, విండోస్ లోపలి సెట్టింగుల చిట్టా అయిన రిజిస్ట్రీలో మార్పులు చేసి 11ను బలవంతంగా ఎక్కించడం. ఈ నాలుగో తరం పెట్టె మీద అది ఎక్కుతుంది, రేపు ఏ అప్‌డేట్ దగ్గర ఆగిపోతుందో హామీ మాత్రం ఉండదు. మూడు, కొత్తది కొనడం. అందుకూ కాలం కలిసి రావడం లేదు. కృత్రిమ మేధ డేటా సెంటర్లు మెమరీ చిప్పులను మింగేస్తుండటంతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. క్రూషియల్ పేరుతో మామూలు జనానికి ర్యామ్ అమ్మడం మానేస్తున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది. ఒకప్పుడు గండం దాటించిన ఆ చిన్న ముక్కే ఇప్పుడు అందని సరుకవుతోంది.

పైగా కొత్త యంత్రం కొన్నా ఈ దుకాణం కష్టం సగమే తీరుతుంది. విండోస్ 11 64 బిట్‌లోనే వస్తుంది, 64 బిట్ విండోస్‌లో పాత 16 బిట్ ప్రోగ్రాములు తెరుచుకోవు. ఆ రోజుల్లో తాళంచెవిలా ప్రింటర్ పోర్టుకు తగిలించిన డాంగిల్‌కు కొత్త పెట్టెలో రంధ్రమే ఉండదు. మార్కాపురం పలక మీద రాసుకున్న తరం మాది. ఫలానా తేదీ తర్వాత ఈ పలక మీద బలపం పడదని దాని మీద ఎవరూ రాసి ఇవ్వలేదు. అయినా తప్పంతా అమెరికా వాడి మీద నెట్టేయలేం. తెలుగును ఇంగ్లీషు గదుల్లో దాచిపెట్టింది మనమే. మండలి, రామభద్ర, గిడుగు, సురవరం లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరకడం మొదలై దశాబ్దం దాటింది. పెళ్లి పత్రికల దుకాణాల్లో వాటి వాడకం ఇప్పటికీ అంతంతే.

మిగిలింది విండోస్‌కు బదులు ఉచితంగా వాడుకోగల లినక్స్. అందులో రకాలు చాలా. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ చెన్నైలో తయారుచేసిన బాస్ ఉంది, హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ వాళ్లు తెలుగులోకి తెచ్చింది ఉంది. నేను మాత్రం మింట్ అనే రకాన్ని ఎంచుకున్నాను. ఒక ఆదివారం మూడో పెట్టెలో వేసి చూపించాను. ప్రాసెసర్ తరం సంగతి అది అడగలేదు. తెలుగు కీబోర్డుల జాబితాలో ఇన్‌స్క్రిప్ట్ పక్కనే 'యాపిల్' అని కనిపించేసరికి ఆవిడ కుర్చీ ముందుకు లాక్కున్నారు. కీల వైపు చూడకుండా కొట్టారు. తెర మీద శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు వరుసగా పడ్డాయి, అసలైన యూనికోడ్‌లో. ఒక్క ఒత్తు కూడా చెదరలేదు.

యజమాని చాలాసేపు తెర వైపే చూశారు. తర్వాత ఎక్స్‌పీ పెట్టె మీద చెయ్యి వేసి, "మరి ఇందులో ఇరవై ఏళ్ల పత్రికలున్నాయి, వాటి మాటేమిటి సార్?" అన్నారు. ఒక పాత పత్రిక ఫైలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, అందులోని అక్షరాలను మింట్‌లో అతికించాం. వరుడి పేరు ఉండాల్సిన చోట రెండు డాలరు గుర్తులు, ఒక కామా వచ్చాయి.