ట్యాబ్‌లో ఫొటో తీసేస్తే ఫోన్‌లో ఉంటుందా? అపోహలు - వాస్తవాలు

"ట్యాబ్ ఫుల్ అయిందని ఫొటోలు డిలీట్ చేసిన అన్నా, చూస్తే ఫోన్‌ల గూడ పోయినయ్!" జగదీశ్ మార్కెట్‌లో మా సర్వీస్ కౌంటర్ దగ్గర ఈ మాట వినని వారం లేదు. అందుకే ముందు దీని సంగతి చెప్తాను.

అపోహ: ఫోన్‌లో ఉన్నాయి కదా, ట్యాబ్‌లో తీసేస్తే ఏం కాదు.

వాస్తవం: రెండింట్లో ఒకే గూగుల్ అకౌంట్‌తో బ్యాకప్ (ఫొటోలు నెట్ ద్వారా అకౌంట్‌లోకి కాపీ కావడం) ఆన్ చేసి ఉంటే, గూగుల్ ఫొటోస్‌లో కనిపించేవి రెండు వేర్వేరు కాపీలు కావు. ఆలుమగల జాయింట్ అకౌంట్ లాంటిదది, ఎవరి కార్డుతో తీసినా తగ్గేది ఒకటే బ్యాలెన్సు. డిలీట్ నొక్కగానే సింక్ అయిన డివైస్‌లన్నిటి నుంచీ తీసేయాలా అని అడుగుతుంది కూడా. తొందరలో చదవకుండా ఓకే కొట్టేస్తాం.

ట్యాబ్‌లో మాత్రమే చోటు కావాలంటే దారి వేరే. గూగుల్ ఫొటోస్‌లో పైన మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కండి. బ్యాకప్ పూర్తయిందని ఉందో లేదో చూడండి. ఉంటే అక్కడే 'ఫ్రీ అప్ స్పేస్' నొక్కండి. బ్యాకప్ అయిపోయిన ఫొటోల కాపీలు ఆ ట్యాబ్‌లోంచి మాత్రమే పోతాయి. అకౌంట్‌లో భద్రంగా ఉంటాయి, నెట్ ఉంటే ట్యాబ్‌లోనూ చూసుకోవచ్చు.

ఐప్యాడ్ వాళ్లకూ ఇదే గొడవ. ఆపిల్ వాళ్ల ఐక్లౌడ్ ఫొటోస్ ఆన్‌లో ఉంటే ఐప్యాడ్‌లో తీసింది ఐఫోన్‌లోనూ పోతుంది. సెట్టింగ్స్‌లో 'ఆప్టిమైజ్ స్టోరేజ్' పెట్టుకోండి, అసలు ఫొటోలు ఐక్లౌడ్‌లో ఉండి ఐప్యాడ్‌లో చిన్న కాపీలు మిగులుతాయి, డిలీట్ జోలికి పోకండి.

మొన్న మలక్‌పేట నుంచి ఒకావిడ వచ్చారు. కూతురి శ్రీమంతం ఫొటోలన్నీ పోయాయని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. డిలీట్ చేసినవి కొన్నాళ్లు ఉండే చెత్తబుట్ట, అంటే బిన్ కూడా ఖాళీ చేస్తేనే చోటు వస్తుందని ఎవరో చెప్పారట. అదృష్టం, ఆ పని ఇంకా చేయలేదు. బిన్ తెరిచి, మొదటి ఫొటో మీద వేలు నొక్కిపట్టి, అలాగే కిందికి లాగి అన్నీ సెలెక్ట్ చేసి రీస్టోర్ కొట్టాను. గాజులు తొడుగుతున్న ఫొటో ఆవిడ ఫోన్‌లోకి మళ్లీ వచ్చాక గానీ ఆవిడ కుర్చీలో కూర్చోలేదు. ఇలాంటి సలహాలు ఇచ్చేవాళ్ల మీద నాకు నిజంగా కోపం వస్తుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

డబ్బు కట్టి గూగుల్ స్టోరేజీ కొంటే ట్యాబ్ మెమరీ పెరగదు. పెరిగేది అకౌంట్‌లో చోటు. ఉచితంగా వచ్చే 15 జీబీ జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ మూడింటికీ కలిపే.

క్లీనర్ యాప్‌లు వద్దు. ఆ పని ట్యాబ్ సెట్టింగ్స్‌లోని స్టోరేజ్ చేస్తుంది.

క్లియర్ క్యాష్ నొక్కితే భయం లేదు, యాప్ తాత్కాలికంగా దాచుకున్న ఫైళ్లే పోతాయి. క్లియర్ డేటా వేరు, అది యాప్‌ను కొత్తగా వేసినట్టు చేసేస్తుంది. బ్యాకప్ లేని వాట్సాప్‌లో నొక్కితే చాట్‌లు గల్లంతే. గుడ్ మార్నింగ్ వీడియోలు పేరుకుపోయి ఉంటే వాట్సాప్ సెట్టింగ్స్‌లోని 'మేనేజ్ స్టోరేజ్'లోకి వెళ్లి పెద్దవి ఏరి తీసేయండి.

ఇప్పటికే డిలీట్ అయిపోయాయా? కంగారు పడకండి. బ్యాకప్ అయిన ఫొటోలు గూగుల్ బిన్‌లో 60 రోజులు ఉంటాయి, బ్యాకప్ కానివి 30 రోజులు. ఐప్యాడ్‌లో 'రీసెంట్లీ డిలీటెడ్' చూడండి, అక్కడ 30 రోజుల గడువు. రికవరీ చేస్తామనే వాళ్లకు డబ్బులిచ్చే ముందు, మాలాంటి కౌంటర్‌కు వచ్చే ముందు కూడా, ఆ బిన్ ఒకసారి తెరవండి.